తోటి చిత్రకారుడి ముఖం

ఒక చిత్రకారుడు తోటి చిత్రకారుడి బొమ్మ వేస్తే దానికి డబ్బెవరిస్తారు? సాధారణంగా ఎవరూ ఇవ్వరు. జమీందారు బొమ్మకు జమీందారు ఇస్తాడు. నాయకుడి బొమ్మకు ప్రభుత్వమో పార్టీయో ఇస్తుంది. పక్క గదిలో రంగులు కలుపుకుంటున్న మిత్రుడి బొమ్మకు బేరం లేదు, గడువు లేదు, "కాస్త తెల్లగా వెయ్యండి, పొట్ట కొంచెం తగ్గించండి" అనేవాడు లేడు. పైగా ఎదురుగా కూర్చున్నవాడికి కూడా ఆ పని తెలుసు. గీత ఎక్కడ తప్పిందో, రంగు ఎక్కడ మురికైందో కుర్చీలోంచి లేవకుండానే కనిపెట్టగలడు. అలాంటివాడి ముందు మోసం చెల్లదు. యూరప్ చిత్రకళలో చిత్రకారులు ఒకరినొకరు వేసుకున్న రూపచిత్రాలు అంత నిక్కచ్చిగా కనిపించడానికి అదే కారణం.

ఆ వరుసలో మొదటి పీట వేయదగ్గ బొమ్మ ఒకటి ఫ్రాన్స్ దక్షిణాన ఎక్స్-అన్-ప్రొవాన్స్ అనే ఊళ్లో ఉంది. దాన్ని వేసినవాడు ఝాన్-ఒగుస్త్-దొమినిక్ ఆంగ్ర్. కూర్చున్నవాడు ఫ్రాన్స్వా-మారియస్ గ్రనే. వేసిన చోటు రోమ్, కాలం 1807 ప్రాంతం. అప్పటికి ఆంగ్ర్‌కు ఇరవై ఏడేళ్లు, గ్రనేకు ముప్ఫై దాటాయి. కాన్వాసు పెద్దదేమీ కాదు, సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు, 63 సెంటీమీటర్ల వెడల్పు. మామూలు ఇంటి గోడకు కూడా సరిపోతుంది.

బొమ్మను కాస్త దగ్గరగా చూద్దాం. నడుము పైభాగం వరకు ఒక యువకుడు. ఒత్తయిన నల్లటి జుట్టు గాలికి చెదిరినట్టు నుదుటి మీద పడి ఉంది. ఒంటి మీద ముదురు రంగు బరువైన పైకోటు. మెడ దగ్గర మాత్రం తెల్లటి కాలరు నిటారుగా లేచి, ముఖాన్ని చీకట్లోంచి బయటికి తెచ్చి నిలబెడుతుంది. చేతిలో ఒక పుస్తకం, బొమ్మలు గీసుకునేది. దాని అట్ట మీద ‘గ్రనే’ అని పేరు. వెనక ఎత్తుమీద రోమ్ నగరంలోని క్విరినాల్ ప్రాసాదం, ఆ పైన వానమబ్బు. చేతిలో కుంచె లేదు, రంగుల పలక లేదు, ఈజిల్ లేదు. చిత్రకారుడని చెప్పడానికి ఆ పుస్తకం ఒక్కటే ఆధారం. మిగతాదంతా చూపులోనే ఉంది. ఎదుటివాణ్ణి తేరిపార చూసే అలవాటున్న మనిషి చూపు అది. ఇక్కడ ఎదుట ఉన్నవాడు ఆంగ్ర్ కనుక, ఇద్దరు చిత్రకారులు ఒకరినొకరు పరిశీలించుకుంటున్న క్షణాన్నే మనం చూస్తున్నాం.

ఈ చిత్రం ప్రాచీన గ్రీకు, రోమన్ కళను ఆదర్శంగా పెట్టుకున్న నియోక్లాసికల్ శైలిది. నియోక్లాసికల్ చిత్రమంటే ఇలా ఉంటుందా అని కొందరికి అనుమానం రావచ్చు. ఆ శైలి పేరు చెప్పగానే రోమన్ వీరులు, పాలరాతి స్తంభాలు, ఎత్తిన కత్తులు గుర్తుకొస్తాయి. వాటికీ దీనికీ చుట్టరికం ఉంది. 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేయీలో తవ్వకాలు మొదలయ్యాక బూడిద కింద పడివున్న ప్రాచీన రోమ్ వెలుగు చూసింది. జర్మన్ పండితుడు వింకెల్‌మాన్ 1755లో గ్రీకు కళ గొప్పతనం గురించి రాసిన చిన్న గ్రంథం యూరప్ అంతటా చేతులు మారింది. అంతకు ముందు రాజాస్థానాల్లో నడిచిన గులాబీరంగు విలాసాల బొమ్మలు కొత్త తరానికి వెగటు పుట్టించాయి. జాక్-లూయి దవీద్ 1784లో రోమ్‌లో ‘హొరాషీ సోదరుల ప్రతిజ్ఞ’ చిత్రించి, మరుసటి ఏడు పారిస్ ప్రదర్శనలో పెట్టేసరికి కొత్త దారి ఏదో అందరికీ తెలిసిపోయింది. గీత స్పష్టంగా ఉండాలి. ఆకారం గట్టిగా నిలబడాలి. రంగు గీతకు లోబడాలి. చిత్రంలో ఉన్నవాటిలో అనవసరమైనది ఒక్కటీ ఉండకూడదు. స్తంభాలూ కత్తులూ తీసేసినా ఈ క్రమశిక్షణ మిగులుతుంది. గ్రనే ముఖంలో మిగిలింది అదే.

ఆంగ్ర్ ఆ దవీద్ శిష్యుడే. 1780లో మోంతోబాన్‌లో పుట్టాడు. 1797లో పారిస్ చేరాడు. 1801లో ప్రి ద రోమ్ గెలిచాడు. గెలిచినవాణ్ణి ప్రభుత్వం తన ఖర్చుతో రోమ్ పంపి చదివించే బహుమతి అది. ఖజానాలో డబ్బు లేక ఆ ప్రయాణం 1806 దాకా ఆగింది. తీరా బయల్దేరాక, పారిస్ ప్రదర్శనలో తాను పెట్టి వచ్చిన చిత్రాలను, ముఖ్యంగా సింహాసనం మీద కూర్చున్న నెపోలియన్ చిత్రాన్ని, విమర్శకులు చీల్చి చెండాడారన్న వార్త ఉత్తరాల్లో వెంటబడి వచ్చింది. పాతకాలపు మొరటు బొమ్మలన్నారు. యువకుడు కుమిలిపోయాడు. ఆ తర్వాత ఇటలీలో పద్దెనిమిదేళ్లు ఉండిపోయాడు. గ్రనే చిత్రం సరిగ్గా ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లోనిది. పారిస్ కాదన్నవాడికి రోమ్‌లో ఒక స్నేహితుడు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అది చిన్న సంగతి కాదు.

గ్రనే కథ వేరు. ఎక్స్‌లో ఒక తాపీమేస్త్రీ కొడుకు, 1775లో పుట్టాడు. దవీద్ చిత్రశాలలో అతనూ చేరాడు కానీ రుసుము కట్టే స్తోమత లేక ఎక్కువ కాలం ఉండలేకపోయాడు. ప్రి ద రోమ్ అతనికి రాలేదు. తన ప్రాంతంవాడే అయిన ఫోర్బాన్ అనే కలవారి బిడ్డ తోడుగా 1802లో రోమ్ చేరాడు. ఆ ఫోర్బాన్ తర్వాత లూవ్ర్ మ్యూజియం అధిపతి అయ్యాడు. రోమ్‌లో గ్రనే దేవతల కథలు వేయలేదు. మఠాల లోపలి చీకటి గదులు, కమానుల కింద నడిచే సన్యాసులు, పైకిటికీలోంచి దిగే ఒక్క వెలుగుపాయ, ఇవీ అతని లోకం. కపుచిన్ సన్యాసుల ప్రార్థనా మందిరాన్ని 1814-15లో వేస్తే యూరప్ అంతా అడిగింది. అదే దృశ్యాన్ని అతను డజనుకు పైగా సార్లు మళ్లీ మళ్లీ వేయాల్సి వచ్చింది. తాపీపని ఇంటి బిడ్డకు గోడ మందమెంతో, గుమ్మంలోంచి వెలుగు ఎంత దూరం పాకుతుందో ఒకరు నేర్పాలా?

ఇంకో సంగతి. గ్రనేకు తనకు ముందు తరాల చిత్రకారులంటే మహా ప్రేమ. పదిహేడో శతాబ్దపు చిత్రకారుడు స్తెల్లా రోమ్ జైల్లో పడి, అక్కడి గోడమీదే మరియమ్మ బొమ్మ గీస్తున్న దృశ్యాన్ని 1810లో చిత్రించాడు. అదే శతాబ్దపు మరో చిత్రకారుడు పూసాన్ మరణశయ్యను 1834లో చిత్రించాడు. ఆంగ్ర్ తన మిత్రుణ్ణి వేస్తే, ఆ మిత్రుడు ఎన్నడో పోయినవాళ్లను వెతికి వేశాడు.

ఇక బొమ్మ వేసిన పద్ధతి. ఇవాళ దుకాణానికి వెళ్తే రంగులు ట్యూబుల్లో దొరుకుతాయి. ఆ ట్యూబుకు పేటెంటు వచ్చింది 1841లో. 1807 నాటికి రంగుపొడిని అవిసె నూనెతో రాతిమీద నూరి, పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి దాచుకునేవారు. ముందు కాన్వాసుకు పూత పూసి ఆరబెట్టాలి. దానిమీద గీత. గీత కుదిరేదాకా రంగు ముట్టుకోకూడదన్నది దవీద్ బడి నియమం. తర్వాత వెలుగునీడలను మసక రంగుల్లో పరచాలి. అది ఆరాక సన్నని పొరలుగా అసలు రంగు. నూనె రంగు నీటిరంగులా నిమిషాల్లో ఆరదు, రోజులు పడుతుంది. ఆ ఆలస్యమే నూనె రంగు ఇచ్చే వరం. బుగ్గమీద వెలుగు నీడలోకి ఎక్కడ దిగిందో అంచు తెలియకుండా కలపడానికి వ్యవధి దొరుకుతుంది. ఆంగ్ర్ వేసిన ముఖాల్లో కుంచె జాడ కనిపించదు. చర్మం లోపలినుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. కళకు నిజాయితీ గీతలోనే ఉందన్నది అతను జీవితమంతా శిష్యులకు చెప్పిన మాట.

గ్రనే చిత్రంలో వెనకున్న నగరం, ఆకాశం మాత్రం ముఖమంత నునుపుగా ఉండవు. చేయి కాస్త విడిచిపెట్టినట్టు ఉంటుంది. దాంతో, ఆ నేపథ్యాన్ని గ్రనే తానే వేసి ఉంటాడని ఊహించినవాళ్లు ఉన్నారు. దృశ్యాలు వేయడంలో అతను దిట్ట మరి. అవునన్నా కాదన్నా, ముఖంలో ఆంగ్ర్, ఆకాశంలో గ్రనే కనిపిస్తారని అనిపించేంతగా ఆ ఇద్దరి అభిరుచులూ ఆ కాన్వాసు మీద కలిసిపోయాయి.

ఆంగ్ర్‌కు రూపచిత్రాలంటే అంత గౌరవం లేదన్నది ఇక్కడ చెప్పుకోవలసిన మాట. చారిత్రక, పౌరాణిక చిత్రాలే గొప్పవని అతని నమ్మకం. నెపోలియన్ పతనం తర్వాత రోమ్‌లో జరుగుబాటు కోసం విదేశీ యాత్రికుల ముఖాలను పెన్సిల్‌తో గీసి ఇచ్చేవాడు. ఎవరో తలుపు తట్టి, చిన్న చిన్న ముఖాలు గీసే ఆయన ఇక్కడేనా ఉండేది అని అడిగితే, కాదు, ఇక్కడ ఉండేది చిత్రకారుడు అని తలుపు వేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కాలం తీర్పు మరోలా వచ్చింది. అతని పౌరాణిక చిత్రాల ముందు ఇవాళ జనం ఆగుతారు, రూపచిత్రాల ముందు నిలిచిపోతారు. ఎక్స్ మ్యూజియంలోనే దానికి రుజువుంది. 1811లో ఆంగ్ర్ ఎంతో ఆశపెట్టుకుని వేసిన ‘జూపిటర్, థెటిస్’ అనే భారీ చిత్రం కూడా అక్కడే ఉంది. మేఘాల మీద కూర్చున్న దేవరాజు కన్నా తాపీమేస్త్రీ కొడుకే ఎక్కువ బతికి ఉన్నాడు.

తోటివాణ్ణి చిత్రించడం ఆ తరానికంతా ఉన్న అలవాటే. ఒక్కో బొమ్మ వెనక ఒక్కో రుణం. దవీద్ శిష్యుడే అయిన ఫ్రాన్స్వా ఝెరార్ 1795లో ‘బెలిసేరియస్’ అనే పెద్ద చిత్రం వేసి, కొనేవాళ్లు లేక చేతిలో పైసా లేని స్థితిలో ఉన్నాడు. సూక్ష్మచిత్రాల కళాకారుడు ఇజబే దాన్ని కొన్నాడు. కొని, డచ్ రాయబారికి ఎక్కువ ధరకు అమ్మి, మిగిలిన లాభం తెచ్చి ఝెరార్ చేతిలోనే పెట్టాడు. ఝెరార్ ఆ మేలు రంగుల్లో తీర్చుకున్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడిన ఇజబే నిలువెత్తు చిత్రం ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. అందులో ఇజబేకి రోమన్ దుస్తులు లేవు. అప్పటి రోజువారీ బట్టల్లో, చిన్నపిల్ల తండ్రిగా కనిపిస్తాడు.

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. పారిస్ రాచ అకాడమీలో ఒకే కాలంలో నలుగురికి మించి స్త్రీలు ఉండకూడదన్న ఆంక్ష ఉండేది. 1783లో ఆ గడప దాటిన అదెలాయిడ్ లబీల్-గియార్ తన గురువు, తర్వాత 1800లో భర్త అయిన చిత్రకారుడు వాన్సాన్‌ను 1795లో తైలవర్ణాల్లో చిత్రించింది. ఆమె 1803లో పోయింది. ఐదేళ్ల తర్వాత, ఆమె శిష్యురాలు మరీ-గాబ్రియెల్ కాపె ఒక చిత్రం వేసింది. అందులో గురువు ఈజిల్ ముందు కూర్చుని, దవీద్‌కు గురువైన వృద్ధ చిత్రకారుడు వియాన్ బొమ్మ వేస్తూ ఉంటుంది. పక్కన రంగుల పలకతో కాపె. చుట్టూ వాన్సాన్, ఇతర మిత్రులు. చనిపోయిన గురువును ఆమె పనిలో ఉండగా చూపించిన ఆ చిత్రం మ్యూనిక్‌లో ఉంది. దాన్ని శ్రద్ధాంజలి అనడం కన్నా చదువు చెప్పిన చేతికి ఇచ్చిన సాక్ష్యం అనడం సబబు.

గ్రనే, ఆంగ్ర్ ఇద్దరూ 1824లోనే ఇటలీ విడిచి ఫ్రాన్స్ చేరారు. గ్రనే లూవ్ర్‌లోనూ తర్వాత వెర్సాయ్‌లోనూ చిత్రాల సంరక్షకుడిగా పనిచేశాడు. 1848 విప్లవంతో ఉద్యోగ జీవితం ముగిసి సొంత ఊరు చేరుకున్నాడు. మరుసటి ఏడు నవంబరులో కన్నుమూశాడు. పోతూ పోతూ తన చిత్రాలు, తాను సేకరించినవి ఊరికి రాసిచ్చాడు. మిత్రుడు వేసిన తన బొమ్మ కూడా అలాగే ఊరిదైంది. సరిగ్గా నూరేళ్లకు, 1949లో, ఆ ఊరి మ్యూజియానికి అతని పేరే పెట్టారు. పేదరికం వల్ల దవీద్ బడి మానేసినవాడి పేరు ఇవాళ ఆ గుమ్మం మీద ఉంది.

ఆ మ్యూజియం భవనంలోనే ఊరివాళ్లకు ఉచితంగా డ్రాయింగు బడి నడిచేది. 1857లో అందులో చేరిన కుర్రాళ్లలో ఒకడి పేరు పాల్ సెజాన్. గ్రీకు శిల్పాల ప్లాస్టర్ నమూనాలను ముందు పెట్టుకుని గీయడం అక్కడి మొదటి పాఠం. అదే 1857లో బొంబాయిలో సర్ జంషెడ్‌జీ జీజీభాయ్ విరాళంతో కళాశాల మొదలైంది. అక్కడా అవే ప్లాస్టర్ నమూనాలు, అదే మొదటి పాఠం. రోమ్‌లో పుట్టిన ఆ క్రమశిక్షణ మన తెలుగు నేలకు వచ్చిన దారుల్లో ఇది ముఖ్యమైనది.

ఆ దారిన వచ్చినవారు దామెర్ల రామారావు. 1897లో పుట్టిన రామారావు చేతిలోని నేర్పును రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించారు. ఆయనే ప్రోత్సహించి 1916లో బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపించారు. చదువు ముగించుకుని వచ్చిన రామారావు పాశ్చాత్య పద్ధతిలో నేర్చిన ఆకార జ్ఞానాన్ని మన కథలకు, మన మనుషులకు వాడుకున్నారు. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’ చూసినవారికి ఆ దేహాల గీతలో ఎంత కఠినమైన చదువు ఉందో తెలుస్తుంది. రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ను తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు ఇంకా నిండలేదు.

ఆ తర్వాత జరిగింది మనం గర్వపడవలసిన విషయం. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను మూతపడనివ్వలేదు. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులే. రామారావు బొమ్మలు చెల్లాచెదురు కాకుండా నిలిచాయి. ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరుమీద ఉన్న గ్యాలరీ వాటికి చిరునామా. ఎక్స్‌లో ఒక చిత్రకారుడు తన వీలునామాతో చేసిన పనిని రాజమండ్రిలో తోటి చిత్రకారులు తమ చేతుల మీదుగా చేశారు. చిత్రకారుణ్ణి తలుచుకోవడం ముందుగా తోటి చిత్రకారుల బాధ్యత అనడానికి మన దగ్గర ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఇప్పుడు మన ఉక్కు ఊరు భిలాయి సంగతికి వద్దాం. 1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. ఆ కొలిమి చుట్టూ సెక్టర్లు, క్వార్టర్లు, బళ్లు వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడి మూడో తరాన్ని చూస్తున్నాయి. సివిక్ సెంటర్‌లో నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ ఉంది. షిఫ్టు దిగి వచ్చి కుంచె పట్టేవాళ్లు, బడిలో డ్రాయింగు చెప్పేవాళ్లు, సంక్రాంతికి, దసరాకు పందిళ్ల తెరలు వేసేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. పద్మశ్రీ అందుకున్న శిల్పి జె.ఎం. నెల్సన్ ఈ ఊరివాడే. ప్లాంటులో ఎన్ని టన్నుల ఉక్కు వచ్చిందో ఏటేటా లెక్క రాస్తారు. ఇక్కడి రైలు పట్టాలు ఎక్కడెక్కడికి వెళ్లాయో రికార్డు ఉంటుంది. కానీ ఈ ఊరి చిత్రకారుల ముఖాలు ఎవరు దాస్తున్నారు? సెల్‌ఫోన్‌లో ఫోటోలుంటాయి, నిజమే. ఫోను మారితే అవీ మారిపోతాయి. పైగా ఫోటోకు ఒక్క క్షణం చాలు. తైలవర్ణ చిత్రానికి ఇద్దరు మనుషులు ఎదురెదురుగా గంటల తరబడి, వారాల తరబడి కూర్చోవాలి. ఆ కూర్చోవడంలో తెలిసేది వేరే.

దానికి రోమ్ వెళ్లనక్కర్లేదు, ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. క్వార్టర్ వరండాలో ఉత్తరపు వెలుగు పడే చోట ఒక కుర్చీ చాలు. గీత కుదిరేదాకా రంగు ముట్టుకోని ఓపిక కావాలి. మిత్రుడు మొహమాటానికి బాగుందనకుండా, తప్పు తప్పని చెప్పాలి.

భిలాయిలో కుంచె పట్టే ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. ఈ ఏడాది ఒక్క తోటి చిత్రకారుణ్ణి, లేదా చిత్రకారిణిని ఎంచుకోండి. మీకన్నా పెద్దవారైతే ఇంకా మంచిది, ఆలస్యం చేయకండి. వేశాక కాన్వాసు వెనక ఎవరి బొమ్మో, ఎవరు వేశారో, ఏ సంవత్సరమో తెలుగులోనూ హిందీలోనూ స్పష్టంగా రాయండి. పది బొమ్మలు పోగైతే నెహ్రూ ఆర్ట్ గ్యాలరీలో ఒక ప్రదర్శన పెట్టమని అడగండి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. సెలవులకు ఆంధ్రా వైపు వెళ్లినప్పుడు రాజమండ్రిలో దిగి, దామెర్ల గ్యాలరీలో ఒక పూట గడిపి రండి.